విన్నవాని ఋణము

కుమ్మరి వద్ద కుండ కొన్నవాడు వెల చెల్లించి ఇంటికి పోవును. అంతటితో వారిద్దరి వ్యవహారము ముగియును. ఆ కుండ మరునాడే పగిలినను, పది సంవత్సరములు మన్నినను, కొన్నవాడు కుమ్మరికి మరల ఏమియు బాకీపడడు. పాట విన్నవాని సంగతి కూడ ఇంతేనా? ఇయ్యవలసినది ఇచ్చివేసిన పిమ్మట అతడు పాడినవారియెడ ఋణవిముక్తుడేనా?

చూచుటకు ఇది చిన్న ప్రశ్న. గానము ఆలయములోనో, కచేరీసావడిలోనో, ఇంటి ముంగిటనో జరిగినంతకాలము దీనిని ఎవరును అడుగవలసిన పని కలుగలేదు. పాడువారు ఎదుట ఉండిరి. వినువారును ఎదుటనే ఉండిరి. ఎవరికి ఎవరు ఏమి కావలెనో ఆ చోటు, ఆ వేళ నిర్ణయించెను. కంఠము శరీరమునుండి విడివడి, నల్లని పళ్లెముపై సన్నని గాడిగా మారి, అంగడిలో అమ్ముడుపోవుట మొదలైన నాటినుండి ఇది నిజమైన ప్రశ్న ఐనది. ఆ కంఠము స్త్రీదైనపుడు ఇంకను చిక్కుపడినది. ఏలనగా మన దేశములో స్త్రీ పాటకు వెల కట్టినవారు కేవలము పాటకే వెల కట్టి ఊరకుండిన సందర్భములు తక్కువ.

ఆల్బము అను మాటకు ఒక చిన్న చరిత్ర కలదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాతకాలపు రికార్డుపై ఒక ప్రక్కన మూడు నాలుగు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. అట్టివి కొన్నింటిని చేర్చి, ఛాయాచిత్రములు అతికించుకొను పుస్తకమువంటి అట్టపుస్తకములో ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంచి చొప్పున అమర్చి అమ్మెడివారు. పేరు అక్కడినుండి వచ్చినది. 1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు పెద్ద రికార్డును వెలువరించిన తరువాత పుస్తకము పోయినది, పేరు మిగిలినది. ఒక ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా పట్టుటచేత గాయని ఒకే భావమును చాలసేపు నిలుపుటకు అవకాశము కలిగెను. ఎల్లా ఫిట్జెరాల్డ్ 1956లో కోల్ పోర్టర్ గీతములతో ఆరంభించిన ఆల్బముల వరుస దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. ఆ పాటలను ఆమె వ్రాయలేదు; వాటికి బాణీలు కట్టలేదు. ఆల్బము పేరులోనే రచయిత పేరును ఆమె పేరును ప్రక్కప్రక్కన నిలిచినవి. పాట ఒకరిది, పలుకు వేరొకరిది అను సత్యమును దాచకుండ, అంగడివారు దానినే పేరుగా పెట్టిరి.

తెలుగువారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. కవి ఒకరు, స్వరకర్త ఒకరు, పాడువారు వేరొకరు అను ఏర్పాటుతోనే మన లలితగీతము పెరిగినది. 1928లో జన్మించిన రావు బాలసరస్వతీదేవి బాల్యములోనే గ్రామఫోను రికార్డులకు పాడి, పిదప రేడియో ద్వారా ఇంటింటికిని లలితగాయనిగా పరిచితురాలయ్యెను. లలితగీతము విన్నవాని జ్ఞాపకములో తరచు మిగులునది కవి పేరు కాదు, రాగము పేరును కాదు. ఒకానొక మాట చివర గొంతు సన్నగిలిన తీరు. అతడు వంటింటిలోనో, పొలము గట్టుననో దానిని తలచుకొనును. పాడిన ఆమెకు అతడు ఉన్నాడనియే తెలియదు. ఇట్టి శ్రోత ఎవరికైన ఋణపడినాడా అని అడిగినచో అతడే నవ్వవచ్చును. రేడియోకు లైసెన్సు రుసుము కట్టితినిగదా అని ఆ కాలపువాడు చెప్పియుండును.

అంగడి ఇచ్చు సమాధానము అదియే: వెల చెల్లినది, బాకీ తీరినది. దీనిని తేలికగ నిందించుట న్యాయము కాదు. గాయనీమణులకు అంగడి చేసిన మేలు చిన్నది కాదు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ గ్రామఫోను సంస్థ పక్షమున కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటలను రికార్డు చేసెను. పాట ముగియగనే ఆమె ఆంగ్లములో తన పేరు తాను పలికెను. ఈ పలుకు వెనుక గర్వమును వెదకువారు కలరు. అసలు కారణము మరియొకటి. ఆ మైనపు పలకలు జర్మనీలోని హనోవరుకు పోవలెను; అక్కడ రికార్డులు అచ్చొత్తు పనివారికి ఈ భాషలు తెలియవు; ఏ పాట ఎవరిదో గుర్తించి చీటీ అతికించుటకు ఆ పేరు వారికి కావలసి వచ్చెను. కర్మాగారపు అవసరము కొరకు పలికిన ఆ నాలుగు మాటలు ఒక స్త్రీకి, అంతవరకు ఏ నవాబు కొలువును ఏ జమీందారు కొలువును ఇయ్యనిదానిని ఇచ్చెను. కొలువులో పాడినంతకాలము ఆమె ఎవరి సభలో పాడినదో ఆ ప్రభువు పేరే ముందు వచ్చెడిది. రికార్డులో ప్రభువు లేడు. పాట ఉన్నది, దాని వెంట ఆమె పేరున్నది. ధర్మము కొన్నిమారులు ఇట్లు దొడ్డిదారిన కూడ లోకములోనికి వచ్చును.

ఐనను అంగడి లెక్కలో ఒక లోపము కలదు. అది ఋణమును కొన్నవానికిని అమ్మినవానికిని మధ్యనే చూచును. పాడు స్త్రీ తాను కూడ ఒక ఋణగ్రస్తురాలని దానికి తోచదు. బెంగళూరు నాగరత్నమ్మ (1878–1952) ఈ సంగతిని మాటలతో కాక ఇటుకలతో చెప్పినది. త్యాగరాజ కృతులను పాడి ఆర్జించిన ధనమును ఆమె 1920లలో తిరువైయ్యారులో ఆ వాగ్గేయకారుని సమాధిమందిరము కొరకు వెచ్చించెను. సభలవారు ఆమెకు ఇచ్చినది వెల. దానిని ఆమె ఎవరి పాటలవలన పొందెనో అతని వద్దకు చేర్చెను. శ్రోత చెల్లించిన సొమ్ము గాయని చేతిలో ఆగలేదన్నమాట. ఆమెకు వెనుక నిలిచినవాని వద్దకు పోయినది. మరి శ్రోతకు వెనుక ఎవరు నిలిచియున్నారు?

ఈ ప్రశ్నకు వేరొక విధమైన సమాధానము ఆంధ్రదేశపు పొలిమేరలకు అవతలనే వినబడును. భద్రాచలము దాటి, శబరి ఒడ్డునగల కుంట మీదుగ ఉత్తరమునకు పోయినచో బస్తరు అడవులు మొదలగును. 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు ఇది దక్షిణ భాగము. ఇంద్రావతి ఈ పీఠభూమిమీదుగ పారి వచ్చి గోదావరిలో కలియును. కుంట ప్రాంతములో తెలుగు పలుకు వినబడును. పైకి పోవుకొలది గోండీ, ఆపైన హల్బీ. పలు తెగలవారు తమలో తాము మాటలాడుకొనుటకు వాడు ఉమ్మడి భాష హల్బీ. జగదల్‌పూర్‌కు ఉత్తరమున, రాయపూర్ పోవు బాటలో ఉన్న కొండగావ్ కంచుబొమ్మల పోతపనికి పేరుగాంచినది. అదే ప్రాంతము లక్ష్మీజాగరు అను గాథకు కూడ నెలవు. దానిని హల్బీలో పాడువారు స్త్రీలు. వారిని గురుమాయి అందురు. గురువును తల్లియును ఐనది అని ఆ మాటకు అర్థము.

జాగరు అనగా జాగరణము, మేల్కొలుపు. తెలుగు ఇల్లాండ్రు పాడుకొను ఊర్మిళాదేవి నిద్రలో ఒక స్త్రీ పదునాలుగేండ్లు కన్నుమూసియుండును. గురుమాయి పాటలో స్త్రీయైన దేవతను మేల్కొల్పుదురు. రెండింటిలోను స్త్రీల పాటకు నిద్రయే కీలకమగుట యాదృచ్ఛికము కావచ్చును, కాకపోవచ్చును. జాగరులు పలు రకములు. భాద్రపదములో తీజ పండుగకు చెందినది ఒకటి, కృష్ణాష్టమికి చెందినది ఒకటి. లక్ష్మీజాగరు వరికోతల కాలపుది. అది ఒక పూటతో ముగియదు. దినముల తరబడి సాగును. గాథలోని మహాలక్ష్మి మేఘరాజు కూతురు, ఆమెయే వరిధాన్యము. ఆమె చేపట్టునది నారాయణరాజును. అతనికి అంతకుముందే ఇరువదియొక్కమంది రాణులు కలరు. క్రొత్తగ వచ్చిన ఈమెను వారు ఓర్వలేరు. ఈ సవతుల పోరును, మెట్టచేలలోని చోళ్లు, సామలు, కొర్రలకును పల్లపునేలలోని వరికిని గల స్పర్ధగా చదువుటకు వీలున్నది. అట్లు చదువకున్నను కథకు లోటు లేదు. సవతి ఇంటి బాధ ఎరిగిన స్త్రీలకు దానికి వ్యాఖ్యానము అక్కరలేదు.

ఈ గానమునకు తోడుగ మ్రోగు వాద్యమును చూచినచో దాని స్వభావము మరింత తెలియును. దాని పేరు ధనకుల్. నేలపై గడ్డితో చుట్టిన కుదురు, కుదురుపై మట్టికుండ, కుండ మూతిపై బోర్లించిన చేట, చేటపై ఆనించిన విల్లు. వింటిబద్దపై ఒక భాగమున గంట్లు కోసియుండును. గురుమాయి ముందు కూర్చుండి, కుడిచేతిలోని వెదురుపుల్లతో గంట్లపై గీయుచు, ఎడమచేతితో అల్లెత్రాటిని లాగుచుండును. గీత కరకరలాడును, త్రాడు పలుకును, కుండలోని గాలి గుమ్మని బదులిచ్చును. ఒక స్త్రీ ముఖ్యముగ పాడును. ఆమె ప్రక్కన శిష్యురాలైన మరియొకతె అందుకొనును. శిష్యురాలు నేర్చుకొనునది ఈ ప్రక్కన కూర్చుండుటలోనే.

ఈ వాద్యములో వాద్యముగ పుట్టిన వస్తువు ఒక్కటియు లేదని గమనింపవలెను. కుండ వంటింటిది. చేట బియ్యము చెరుగునది. విల్లు వేటగానిది. వీణకు పనసచెట్టును వెదకినట్లు, మృదంగమునకు చర్మమును సిద్ధపరచినట్లు ఇక్కడ ప్రత్యేకముగ సమకూర్చవలసినది అంతగా లేదు. బియ్యము చెరుగు చేటయే బియ్యపు దేవతను లేపును. ఇంటిలోని పనిముట్లు తమ పని మాని కొంతసేపు పాడును, అంతే. ఇట్టి గానమునకును జీవనమునకును మధ్య గోడ కట్టుట కష్టము.

చివరి దినమున మహాలక్ష్మికి నారాయణునితో వివాహము. పొలమునుండి వరిని తెచ్చి పెండ్లికూతురుగ నిలుపుదురు. కథలో జరుగు పెండ్లియు ఎదుట జరుగు పెండ్లియు ఒక్కటే అగును. ఊరివారు ఆ పెండ్లికి చుట్టములు. ఇక్కడ శ్రోత అని వేరుగ చెప్పదగినవాడు కనబడడు. పెండ్లికి వచ్చినవానిని ప్రేక్షకుడని ఎవరందురు? దీపమునకు నూనె పోసినవాడు, పందిరి వేసినవాడు, వచ్చినవారికి అన్నము వండిన ఇల్లాలు, నిద్ర ఆపుకొని కూర్చున్న ముసలమ్మ, వీరందరును ఆ పాట సాగుటకు తమ వంతు ఇచ్చినవారే. గురుమాయికి ఇచ్చునది కూడ ఉన్నది. ఆమె కూడ ఇల్లు గడుపుకొనవలసిన మనిషియే. కాని ఆ ఇచ్చునదానితో లెక్క మూతపడదు. ఏలనగా ఆ పాట ఆ ఇంటివారికి అమ్మిన పాట కాదు; వరిని ఇంటికి పిలిచిన పాట. మరుసటి సంవత్సరము వరి మరల పండవలెను, మరల కోయవలెను. ఋణము అట్లే నిలిచియుండును. నిలిచియుండుటయే దాని ప్రయోజనము.

కొండగావ్ వాస్తవ్యుడు హరిహర్ వైష్ణవ్ హల్బీ గాథల సేకరణకు జీవితమును అంకితము చేసి 2021లో మరణించెను. ఆయన ఆస్ట్రేలియాకు చెందిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్ గ్రెగరీతో కలిసి గురుమాయి సుక్‌దాయి పాడిన లక్ష్మీజాగరును గ్రంథముగ 2003లో కొండగావ్ నుండియే వెలువరించెను. ఆ గ్రంథపు పేరులో ఆమె పేరున్నది: అది బస్తరు వరిదేవతను గూర్చి సుక్‌దాయి చెప్పిన కథ అని ఆ పేరే తెలుపును. ఇది స్వల్ప విషయము కాదు. వెరియర్ ఎల్విన్ 1940లలో ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు గీతములను, బస్తరు మురియాల జీవితమును ఎంతో ప్రేమతో గ్రంథస్థము చేసెను. ఆయన శ్రమను తక్కువచేయువాడు కృతఘ్నుడు. ఐనను ఆ కాలపు సంకలనములలో సాధారణముగ పాట మిగిలెను, పాడిన మనిషి తెగ పేరులో కరగిపోయెను. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట ఒక గురుమాయి తన పేరుతో అట్టపైకి వచ్చినది. కలకత్తాలో గౌహర్ జాన్ తన గొంతుతో తాను చెప్పుకొన్నదానిని కొండగావ్‌లో సేకర్తలు గురుమాయి పక్షమున చెప్పిరి.

అయితే సుక్‌దాయి కథ అనుట సత్యమేనా? కథను ఆమె కల్పింపలేదు. ఆమెకు ముందు గురుమాయి కలదు, ఆమెకు ముందు మరియొకతె. కాని వేరొక గురుమాయి పాడినచో అదే కథ అక్షరాల అదే కాదు. ఎక్కడ నిలుచును, ఏ సవతిని ఎంతసేపు మాటలాడనిచ్చును, ఏ బాధను సాగదీయును అనునది కంఠమును బట్టి మారును. కాబట్టి ఆ కథ సుక్‌దాయిది. ఆమెది మాత్రమే కాదు. ఫిట్జెరాల్డ్ ఆల్బము పేరులో రెండు పేర్లు పట్టినవి. ఇక్కడ పట్టవలసిన పేర్లు ఎన్నో, వాటిలో మిగిలినది ఒక్కటి. ఆ ఒక్కటి మిగులుట ఏ పేరును లేకుండుటకంటె మేలనియే చెప్పవలెను. తెగ పేరు చాలునను వాదము వినుటకు వినయముగ ఉండును. ఆ వినయమును ఎప్పుడును ఇతరులే గురుమాయి పక్షమున వహించుచుండుటయే దానిలోని చిక్కు.

శాసనము ఈ విషయమున ఆలస్యముగనైనను కొంత నడచినది. 1957 నాటి భారత కాపీరైటు చట్టము వ్రాసినవానిని, రికార్డు చేసినవానిని గుర్తించినదేగాని పాడినవారికి హక్కు ఇయ్యలేదు. 1994లో చేసిన సవరణ పాడువారికి 25 సంవత్సరముల హక్కు నిచ్చెను. 1999లో అది 50 సంవత్సరములైనది. 2012 సవరణతో, తన ప్రదర్శనము తనదిగా పేర్కొనబడుటకును, దానిని వికృతపరచినచో అడ్డు చెప్పుటకును పాడినవారికి హక్కు కలిగెను. గురుమాయి కూడ చట్టము దృష్టిలో ప్రదర్శకురాలే. పేరు చెప్పుట ఇట్లు దయనుండి బాధ్యతగ మారినది. కాని చట్టము సంవత్సరములను లెక్కించును. జాగరు పంటలను లెక్కించును. 50 సంవత్సరములు నిండిన నాడు ఋణము తీరినదని చట్టము చెప్పగలదు. ఆ నాడు పొలమునుండి వరిని పెండ్లికూతురుగ తెచ్చువారు ఉన్నచో వారికి ఆ మాట అర్థము కాదు.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న ఒకటి మిగిలియున్నది. జాగరును యంత్రమున బంధించి, ఎండాకాలపు మధ్యాహ్నమున, ఏ వరియు లేని నగరపు గదిలో వినినచో అది ఎవరిని మేల్కొల్పును? ఈ ప్రశ్నను అడిగి, కాబట్టి రికార్డు చేయరాదని తీర్మానించువారు కలరు. వారి మాట తీసుకొన్నచో సుక్‌దాయి కంఠము ఆమె ఊరి గాలిలోనే కరగియుండును. తెలుగు పాఠకుడు ఆమె పేరైన వినియుండడు. పాట పుట్టినచోటనే ఉండవలెనను నియమము వినుటకు పవిత్రముగ ఉన్నను, దానిని పాటించియున్నచో త్యాగరాజకృతి తిరువైయ్యారు వీథులు దాటియుండదు. పాటకు కాళ్లు కలవు. అది పుట్టినయింటిని విడిచి పోవుట దోషము కాదు. పోయినచోట దానిని ఎట్లు విందురు అనుటయే విచారింపవలసినది. విననేర్చినవానికి రికార్డులోని కుండ గుమ్మనుటలో వంటిల్లు వినబడును. నేర్వనివానికి అదియొక వింత తాళము. ఇద్దరును ఒకే వెల ఇచ్చినవారే. అంగడి వారి నడుమ భేదమును చూడలేదు; చూడవలసిన పనియు దానికి లేదు.

బస్తరువారు చెప్పుకొను ఒక కథ ఈ భేదమును చక్కగ చూపును. ఆ కథకు మూలము తెలుగునేలపైననే ఉన్నది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఈ అడవులకు వచ్చి రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశపు సంప్రదాయము. వెంట కులదేవత వచ్చెను. అతడు ముందు నడువవలెను, ఆమె వెనుక వచ్చును. ఆమె అందెల సవ్వడి వినబడుచు అతడు నడచినంత దూరము అతని రాజ్యము. వెనుదిరిగి చూడరాదు, చూచినచో ఆమె అక్కడనే నిలిచిపోవును. అన్నమదేవుడు చాల దూరము నడచెను. శంఖినీ డంకినీ నదులు కలియుచోట అందెలు ఇసుకలో దిగబడినవి. సవ్వడి ఆగినది. ఆమె రాలేదేమోనని అతడు తిరిగి చూచెను. దంతెవాడలో దంతేశ్వరి వెలసినది ఆ చోటనే అందురు.

ఈ కథను సాధారణముగ రాజు ఓటమిగా చెప్పుదురు. తిరిగి చూడకున్నచో రాజ్యము ఇంకను పెరిగెడిదట. కాని అన్నమదేవుడు అంతవరకు చేసినదేమి? కనబడని స్త్రీ యొక్క సవ్వడిని వెనుక ఉంచుకొని, అది వినబడినంతమేర నేలను తనదిగా లెక్కించుకొనుచు పోవుట. రికార్డు వినువాని స్థితి దీనికి దూరము కాదు. స్వరము వెనుకనుండి వచ్చుచుండును. అతడు తన దారిన తాను పోవుచుండును. విన్నదెల్ల తన సొత్తుగ తోచును. ఒక్క వ్యత్యాసము కలదు. యంత్రములోని అందెలకు ఇసుక అడ్డు రాదు. ఎన్నిమారులు కావలెనన్నను అవి మ్రోగును. సవ్వడి ఆగదు కనుక వెనుదిరిగి చూడవలసిన గడియ అతనికి తానై రాదు. రాజునకు నది చేసిపెట్టిన పనిని ఈ శ్రోత తానే చేసుకొనవలెను: పాట మ్రోగుచుండగనే ఒకమారు ఆగి, ఇది ఎవరిది, ఏ వేళది, ఎవరి కొరకు పాడినది అని తిరిగి చూడవలెను. అందువలన అతని సొత్తు కొంత తగ్గును. విన్న పాటలో తనది కానిది ఎంతయో ఉన్నదని తెలియును. అన్నమదేవునికిని అట్లే రాజ్యము కొంత తగ్గెను. కాని అతడు తిరిగి చూడకున్నచో ఆ అడవికి దేవత ఉండెడిది కాదు. ఒక రాజు వెనుక ఎడతెగని సవ్వడి మాత్రమే ఉండెడిది.

బస్తరులో దసరా 75 దినములు సాగును. నవరాత్రుల చివర దంతెవాడనుండి దేవిని పల్లకిలో జగదల్‌పూర్‌కు తెత్తురు. ఒకనాడు ఇక ముందుకు రానని నిలిచిన దేవత ప్రతి సంవత్సరము పిలుపు అందుకొని కదలి వచ్చును. రాజవంశమువారును ఊరివారును ఎదురేగి ఆమెను తోడ్కొనివత్తురు. ఆ ఎదుర్కోలును మావలీ పరఘావ్ అందురు. దీపావళి దాటి వరిచేలు పండుచుండగ కొండగావ్ ప్రక్క పల్లెలలో జాగరు చేయదలచిన ఇంటివారు గురుమాయిని పిలుచుకొని వచ్చి, ఎన్ని దినములు పాడవలెనో మాటలాడుకొని, కుదురునకు గడ్డి చుట్టుట మొదలుపెట్టుదురు.